ఎకరం ముప్పై సెంట్లు

కోటిపల్లి రేవులో ఏడుంపావు పంటు.
సరంగు ధనకొండ ముక్కు ఎగువకి తిప్పి పెడతాడు,
ఎదర కనిపిస్తున్న ముక్తేశ్వరం రేవుకి కాదు,
దానికింకా పైన, ఎవరూ దిగని ఇసకమేటకి.
కొత్తగా ఎక్కినవాళ్లు కంగారుపడతారు.
"అటెక్కడికయ్యా?"
"తవరెక్కడికో అక్కడికేనండాయ్."
గోదారి తోసేది తోస్తుంది, ఇంజను లాగేది లాగుతుంది,
రెండూ కలిసి మమ్మల్ని తిన్నగా రేవులో దించుతాయి.
రెండు బాణాలు గీసి తొమ్మిదో తరగతికి
నేను నలభై నిమిషాలు చెప్పేది
ఆయన బీడీ ఆరకుండా
రోజుకి పద్దెనిమిదిసార్లు చేస్తాడు.

అదిశ రాశి. సదిశ రాశి.
బోర్డు మీద రాసి కింద గీత కొట్టాను.
ఒకదానికి ఎంత అంటే చాలు.
రెండోదాన్ని ఎంత అన్నాక ఎటు అని కూడా అడగాలి.
దిశ లేనివి చెప్పండర్రా అంటే
కల్లంలో ధాన్యం తేమ అన్నారు, పదిహేడు శాతం.
రాత్రి తమ్ముడి జొరం, నూటరెండు.
దింపు తీసిన కాయలు, పదకొండొందలు.
"మా నాన్న కోపం టీచర్," వెనక బెంచీలోంచి వీరబాబు.
అది నీ వైపే వస్తుంది కదరా, పక్క కాలమ్‌లో రాసుకో అన్నాను.
క్లాసు నవ్వుతుండగా
వైశాల్యం అని నేనే చేర్చాను.
ఎకరం అంటే ఎకరమే,
ఎటువైపు ఎకరం అని ఎవరూ అడగరు.

నేలపూడి ప్రశాంతి లేచింది,
చెయ్యెత్తడం మర్చిపోయి.
"మా ఎకరం ముప్పై సెంట్లు వెళ్లిపోయిందండి."
ఎక్కడికి?
"అటు."
కిటికీలోంచి చూపించింది, తూర్పుకీ ఆగ్నేయానికీ నడుమ.
స్కేలు పెట్టి కూడా నేనెప్పుడూ
అంత తిన్నటి బాణం గీయలేదు.

సాయంత్రం వాళ్ల లంకకి వెళ్లాను.
వాళ్ల నాన్న ఇశ్రాయేలు
పాసుపుస్తకం ప్లాస్టిక్ కవర్లోంచి తీశాడు.
సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు.
అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి.
గట్టు అంచున మునగచెట్టు
సగం వేళ్లు గాలిలో పెట్టుకుని నిలబడి ఉంది.
"ఇదిగో ఇక్కడ బీరపాదులండి. బోరు అదిగో,"
నీళ్ల మీదికి చెయ్యి చాపాడు,
"ఆ నావ పోతోంది చూడండి,
మా బెండతోట మీంచి పోతోందండి."

వరదొస్తే ఎన్ని లక్షల క్యూసెక్కులో టీవీలో చెబుతారట.
ఎటు కోస్తుందో చెప్పరట.
"పదిహేను లక్షలప్పుడు గడ్డిపరక కదల్లేదండి.
మూడు లక్షలకి పోయింది మాది.
ఎంతొచ్చిందని కాదండాయ్,
ఎటు తిరిగిందని."

దిగువన, చూపానేంత దూరంలో, కొత్త మేట.
ఎవరో అప్పుడే పుచ్చ పెట్టేశారు.
అది మీ మట్టేనా అని అడగబోయి ఊరుకున్నాను.
ఇక్కడ తరిగిందీ అక్కడ పెరిగిందీ
తూస్తే సరిపోవచ్చు.
ఆ సరిపోయిన లెక్కలో ఇశ్రాయేలు ఎక్కడుంటాడు?
తొలి స్థానం నుంచి తుది స్థానానికి గీసిన సరళరేఖ,
స్థానభ్రంశం.
ఎన్ని బ్యాచ్‌లచేత వల్లె వేయించానో ఆ మాట,
ఎవరి నోటా అది మాటలా వినిపించలేదు ఇన్నేళ్లూ.

యూనిట్ టెస్టులో అడిగాను,
సదిశ రాశికి ఒక ఉదాహరణ, రెండు మార్కులు.
వేగం, బలం, త్వరణం అని ముప్పైమంది.
ప్రశాంతి "మా పొలం" అని రాసి
పక్కన చిన్న బాణం గీసింది.
ఎర్ర పెన్ను మూత తీసి, పెట్టి, తీసి,
ఆ కాగితం ఒక్కటీ దిద్దకుండా సంచిలో పెట్టుకుని
ఆఖరి పంటు ఎక్కాను.

ధనకొండ ఈమధ్య ముక్కు
ఇంకాస్త ఎగువకి తిప్పుతున్నాడు.
ఏమయింది అంటే
బీడీతోనే చూపించాడు.
"ధార తిరిగిందండి."